జర్మనీకి ఉద్యోగానికా, వ్యాపారానికా? ఏ పర్మిట్ ఎవరికి సరిపోతుంది

జర్మనీలో ఉండి సంపాదించుకోవాలంటే ప్రధానంగా నాలుగు దారులున్నాయి: నిర్ణీత జీతం అందుకునే నిపుణులకిచ్చే బ్లూ కార్డ్, మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్, ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే ఆపర్చునిటీ కార్డ్, సొంత వ్యాపారానికి జర్మన్ నివాస చట్టంలోని సెక్షన్ 21 కింద ఇచ్చే పర్మిట్. కన్సల్టెన్సీలు ఏది త్వరగా వస్తుందో చెబుతాయి. మీరు అడగాల్సినవి వేరే రెండున్నాయి. ఎన్నాళ్లకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుంది? మధ్యలో ఉద్యోగమో వ్యాపారమో పోతే పరిస్థితేమిటి?

దేనికైనా ముందు డిగ్రీ సంగతి తేల్చుకోండి. అనాబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీకి 'హెచ్ ప్లస్' (గుర్తింపు ఉందనే గుర్తు) ఉందో లేదో, మీ డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని రాసుందో లేదో చూడండి. పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుంటే దాన్నే వెతకాలి, చదివిన కాలేజీని కాదు. అందులో దొరక్కపోతే జడ్‌ఏబీ అనే ప్రభుత్వ విభాగానికి 208 యూరోలు కట్టి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి. మనవాళ్లలో చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఏళ్లు గడిపేస్తారు. ఓడీకి (ఒరిజినల్ డిగ్రీ పట్టాకు) ఈ రోజే అప్లై చేయండి, చేతికి రావడానికి సమయం పడుతుంది. సర్టిఫికెట్లలో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నా ఫైలు ఆగవచ్చు. ఆ తేడా ఇక్కడున్నప్పుడే సరిచేసుకోండి.

చేతిలో ఆఫర్ ఉంటే బ్లూ కార్డ్‌కే మొదటి ఓటు. 2026లో ఏడాదికి కనీస జీతం 50,700 యూరోలు. ఐటీ, ఇంజనీరింగ్, వైద్యం లాంటి కొరత ఉన్న వృత్తులకూ, డిగ్రీ పొంది మూడేళ్లు దాటనివారికీ 45,934.20 యూరోలు చాలు. ఈ పరిమితి ఏటా మారుతుంది కాబట్టి డిసెంబరులో సంతకం చేసి జనవరిలో అప్లై చేసేవారు కొత్త అంకెతో సరిచూసుకోవాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇంకొకచోట: కంపెనీ చెప్పే మొత్తంలో పనితీరును బట్టి ఇచ్చే బోనస్ కలిసి ఉంటుంది. లెక్కలోకి వచ్చేది కచ్చితంగా ఇస్తామని కాంట్రాక్టులో రాసిన జీతమే. కాంట్రాక్టు కనీసం ఆరు నెలలకు ఉండాలి. డిగ్రీ లేని ఐటీవారికి కూడా గత ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉంటే తక్కువ పరిమితితో ఈ కార్డ్ వస్తుంది. భార్య లేదా భర్త వీసాకు జర్మన్ పరీక్ష అడగరు. పీఆర్ 27 నెలలకు, బీ1 స్థాయి (మధ్యస్థ) జర్మన్ ఉంటే 21 నెలలకే.

జీతం ఆ గీతకు అందకపోతే స్కిల్డ్ వర్కర్ పర్మిట్ ఉంది. దీనికి స్థిరమైన కనీస జీతం లేదు, కానీ అదే పనికి స్థానికులకిచ్చేంత ఇస్తున్నారా అని జర్మన్ ప్రభుత్వ ఉపాధి సంస్థ చూస్తుంది. 45 ఏళ్లు దాటి మొదటిసారి వెళ్లేవారికి మాత్రం 2026లో 55,770 యూరోలు ఉండాలి, లేదా తగిన పెన్షన్ ఏర్పాటు చూపాలి. పీఆర్‌కు మూడేళ్లు, బీ1 తప్పనిసరి.

ఆపర్చునిటీ కార్డ్ 2024 జూన్ నుంచి ఇస్తున్నారు. ఏడాది గడువు, వారానికి 20 గంటల వరకు పని. మీ డిగ్రీ పూర్తిగా సమానమని తేలితే పాయింట్ల లెక్కే అక్కర్లేదు. అది తెలియక చాలామంది అనవసరంగా పాయింట్ల కోసం పరీక్షలు రాస్తున్నారు. తేలకపోతే ఆరు పాయింట్లు కావాలి: గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవానికి 2, వయసు 35 దాటకపోతే 2, ఇంగ్లిష్ సీ1 (ఉన్నత స్థాయి)కి 1, జర్మన్ ఏ2 (ప్రాథమిక స్థాయి)కి 1. ఖర్చులకు నెలకు 1,091 యూరోల చొప్పున, ఏడాదికి 13,092 చూపాలి. ఉద్యోగం దొరక్కపోతే ఈ డబ్బంతా కరిగిపోయి తిరిగి రావాల్సి ఉంటుంది. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు.

ఇక వ్యాపారం. 2,50,000 యూరోల పెట్టుబడి ఉండాలనే మాట ఇంకా వినిపిస్తుంది కానీ, ఆ నిబంధన 2012లోనే పోయింది. ఇప్పుడు చూసేది ఆ ప్రాంతానికి మీ వ్యాపారం అవసరమా, డబ్బు ఎక్కడిది అన్నవి. స్థానిక వాణిజ్య మండలి అభిప్రాయం అడుగుతారు, కాబట్టి ఎక్కడినుంచో దించుకున్న ప్లాన్ అక్కడే తేలిపోతుంది. 25,000 యూరోల మూలధనంతో జీఎంబీహెచ్ (మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటిది) కంపెనీ పెట్టినంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదు. ఫ్రీలాన్సర్లు అక్కడి క్లయింట్ల నుంచి పని ఇస్తామన్న లేఖలు సంపాదించాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ చెల్లదు, నేరుగా వ్యాపారానికి వచ్చేవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా సాధారణంగా దొరకదు. ప్రైవేటు బీమా ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. వ్యాపారం నిలదొక్కుకుంటే మూడేళ్లకు పీఆర్ వస్తుంది, ఫ్రీలాన్సర్లకు మాత్రం సాధారణంగా ఐదేళ్లు.

అందుకే వ్యాపారం ఆలోచన ఉన్న ఉద్యోగులకు మేం చెప్పేది ఒకటే: బ్లూ కార్డ్ మీద వెళ్లి, మొదటి రోజు నుంచే జర్మన్ నేర్చుకుని, 21 నెలలకు పీఆర్ తీసుకుని అప్పుడు కంపెనీ పెట్టండి. పీఆర్ ఉంటే సెక్షన్ 21 అవసరమే రాదు. ఈలోగా చిన్నగా మొదలుపెట్టాలంటే విదేశీయుల కార్యాలయం (పర్మిట్లు చూసే స్థానిక ఆఫీసు) అనుమతి ముందే తీసుకోవాలి.

వీసా ఫీజు 75 యూరోలు. తొందరగా కావాలంటే కంపెనీ 411 యూరోలు కట్టి త్వరిత ప్రక్రియకు అప్లై చేయవచ్చు. చేరాక ఇల్లు మారిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయించుకోండి. ఉద్యోగం పోతే కూడా రెండు వారాల్లోపు విదేశీయుల కార్యాలయానికి తెలపాలి. బ్లూ కార్డ్ మొదటి 12 నెలల్లో కంపెనీ మారేవారు అదే కార్యాలయానికి ముందే చెప్పాలి, వారు 30 రోజులు ఆపి పరిశీలించవచ్చు. కొత్త కంపెనీలో చేరే తేదీని దానికి తగ్గట్టు పెట్టించుకోండి.