గ్రైండింగ్‌లో కాలిన మచ్చలు: నాకు పనిచేసిన పద్ధతి

సర్ఫేస్ గ్రైండర్‌పై (తిరిగే రాపిడి చక్రంతో లోహాన్ని చదును చేసే యంత్రం) హార్డెన్ చేసిన స్టీల్ ముక్కల మీద గోధుమ రంగు మచ్చలు వస్తూనే ఉన్నాయి. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) పెంచాను, కోత లోతు తగ్గించాను, ఫీడ్ (ముక్క జరిగే వేగం) మార్చాను, ఏదీ కుదరలేదు. చివరికి వీల్ (రాపిడి చక్రం) ముఖం చూస్తే అద్దంలా మెరుస్తోంది. అంటే రేణువుల మొనలు అరిగిపోయి, లోహాన్ని చెక్కకుండా రుద్దుతున్నాయి. ఆ వేడికే మచ్చలు.

డైమండ్ డ్రెస్సర్‌ను (వీల్ ముఖాన్ని చెక్కి మళ్లీ పదును తెచ్చే వజ్రపు మొన పనిముట్టు) వీల్ తిరిగే దిశవైపు 10-15 డిగ్రీలు వాల్చి బిగించాను. కూలెంట్ ఆన్ చేశాకే డైమండ్ తాకించాను. పాస్‌కు (వీల్ మీదుగా డ్రెస్సర్‌ను ఒకసారి జరపడం) 0.02 మి.మీ. లోతు చొప్పున నాలుగు పాస్‌లు. అసలు కిటుకు ఇక్కడే: ఇదివరకు డ్రెస్సర్‌ను మరీ నెమ్మదిగా జరిపేవాణ్ణి, దాంతో వీల్ నున్నగా తయారయ్యేది. ఈసారి వేగంగా జరిపాను. మచ్చలు పోయాయి, ఫినిష్ మాత్రం కాస్త గరుకైంది.

మీ వీల్ గ్రేడే (రేణువులను అది ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో) మరీ గట్టిదైతే ఇది కొద్దిసేపే పనిచేయొచ్చు. అప్పుడు మెత్తటి గ్రేడ్‌కు మారాల్సిందేనేమో.