మీ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది: ఉండాలా, వెళ్లిపోవాలా?

కంపెనీ అమ్ముడైందన్న మెయిల్ చూసిన సాయంత్రమే రాజీనామా రాయకండి. అలాగని ‘ఎవరు కొంటే మనకేంటి, జీతం పడితే చాలు’ అని ఊరుకోకండి కూడా. టౌన్‌హాల్ మీటింగ్‌లో పెద్దవాళ్లు ‘మీకేమీ మారదు’ అన్నారని ఉండిపోవడం, క్యాంటీన్‌లో ‘అందర్నీ తీసేస్తారట’ అన్నారని వెళ్లిపోవడం, రెండూ ఒకటే, ఎవరో అన్న మాట మీద మన నిర్ణయం వదిలేయడం. వాళ్లు ఎందుకు కొన్నారు, అందులో మీ పని ఎక్కడ పడుతుంది, మీ కాగితాల్లో ఏం రాసుంది, ఇవి చూసుకుని ఒక తేదీ పెట్టుకుని ఆ రోజు తేల్చుకోండి.

డీల్ ప్రకటించారు, ఇంకా పూర్తి కాలేదు

చాలామంది ఇక్కడే కంగారు పడతారు. ప్రకటన వేరు, డీల్ పూర్తవడం వేరు. మధ్యలో నియంత్రణ సంస్థల అనుమతులు రావాలి, దానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి డీలే పోవచ్చు. డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు అడోబీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది, 2023 డిసెంబరులో రెండు కంపెనీలూ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకున్నాయి, అడోబీ 100 కోట్ల డాలర్లు రద్దు ఫీజు కట్టింది. ఆ ఏడాదికి పైగా కాలంలో కొనేవాళ్లను చూసి ఉద్యోగం మానేసినవాళ్లు, కొనేవాళ్లను నమ్ముకుని బయటి ఆఫర్ వదులుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు లెక్క వేసుకున్నది జరగని పెళ్లి మీద.

ఇంకో సంగతి, డీల్ పూర్తయ్యేదాకా రెండు కంపెనీలూ వేర్వేరుగానే నడవాలని పోటీ చట్టాలు చెబుతాయి. కొనేవాళ్లు మీ టీమ్‌కి అప్పుడే ఆదేశాలు ఇవ్వకూడదు. కాబట్టి మీ మేనేజర్ ‘నాకూ తెలీదు’ అంటే చాలాసార్లు నిజంగానే తెలీదు, ఆయన్ని రోజూ పట్టుకుని అడిగి ప్రయోజనం లేదు.

ఈ ఖాళీ సమయంలో చేయాల్సింది కాగితాలు పోగేసుకోవడం. ఆఫర్ లెటర్, హైక్ లెటర్లు, పేస్లిప్‌లు, అప్రైజల్ రేటింగ్‌లు, బోనస్ గురించి రాతపూర్వకంగా వచ్చిన ప్రతిదీ, స్టాక్ ఇచ్చి ఉంటే గ్రాంట్ ఒప్పందంతో పాటు అసలు స్టాక్ ప్లాన్ డాక్యుమెంట్ కూడా. సిస్టమ్‌లు కలిపేటప్పుడు పాత పోర్టల్‌లు మూతపడతాయి, అప్పుడు వెతుక్కుంటే దొరకవు. మీ సొంత కాగితాలు మాత్రమే సుమా, కోడ్, కస్టమర్ల డేటా, కంపెనీ ప్రెజెంటేషన్‌లు సొంత మెయిల్‌కి పంపుకుంటే తీసేయడానికి కారణం మీరే చేతికిచ్చినట్టు.

ఎందుకు కొన్నారు?

ఒక కంపెనీని కొనడానికి కారణాలు అంత ఎక్కువేం ఉండవు. ప్రొడక్ట్ కావాలి, కస్టమర్లు కావాలి, మనుషులు కావాలి, పోటీ తగ్గాలి, లేదా ఖర్చులు తగ్గించి లాభం పెంచి మళ్లీ అమ్ముకోవాలి. దేనికి కొన్నారో తెలిస్తే మీ సగం ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. మనుషుల కోసం కొంటే మిమ్మల్ని ఆపడానికి డబ్బు పెడతారు. కస్టమర్ల కోసమే కొంటే మీ ప్రొడక్ట్ నెమ్మదిగా మూలన పడొచ్చు.

ఇది ఎక్కడ తెలుస్తుంది? ఉద్యోగులకు పంపిన మెయిల్‌లో కాదు, ఇన్వెస్టర్లకు చెప్పిన మాటల్లో. కొన్న కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉన్నదైతే డీల్ గురించి వాళ్లు పెట్టిన ప్రెజెంటేషన్ తెరిచి ‘కాస్ట్ సినర్జీ’ (రెండు కంపెనీలూ కలిస్తే తగ్గే ఖర్చు) అన్న మాట కోసం వెతకండి. దాని పక్కన ఒక అంకె, ఒక గడువు ఉంటాయి. ఆ అంకెలో ఆఫీసులు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లు కొంత, జీతాలు చాలావరకు. మీతో ‘కుటుంబం’ అన్నవాళ్లే అక్కడ ఖర్చు ఎంత తగ్గిస్తారో మాట ఇచ్చి ఉంటారు, ఆ మాట మీదే వాళ్లు నిలబడాల్సి వస్తుంది. నోకియా ఫోన్ల వ్యాపారం 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. అదే ఏడాది జులైలో 18,000 దాకా ఉద్యోగాల కోత ప్రకటించారు, అందులో సుమారు 12,500 నోకియా నుంచి వచ్చినవాళ్లవే. అదే మైక్రోసాఫ్ట్ 2016లో లింక్డ్‌ఇన్‌ని కొని పేరూ నడిపే తీరూ చాలావరకు అలాగే ఉంచింది. కొన్నవాళ్ల పేరు ఒక్కటే చూస్తే ఏమీ తేలదని చెప్పడానికే ఇది.

అన్నిటికంటే పనికొచ్చేది, నా లెక్కలో, వాళ్ల పాత కొనుగోళ్లు చూడటం. రెండు మూడేళ్ల క్రితం వాళ్లు కొన్న కంపెనీ ఏదో కనుక్కుని, అక్కడ పనిచేసినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో వెతకండి. ఎంతమంది ఇంకా అక్కడే ఉన్నారు, ఉన్నవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయా, వెళ్లినవాళ్లంతా ఒకే నెలలో వెళ్లారా (అలా అయితే అది లేఆఫ్ అయినా అయ్యుండాలి, బోనస్ చేతికొచ్చిన నెల అయినా అయ్యుండాలి). వాళ్లలో ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టండి, ఉన్నవాళ్లకూ వెళ్లినవాళ్లకూ కూడా, ఎందుకంటే వెళ్లినవాళ్లు మనసు విప్పి చెబుతారు గానీ కోపం కలిపి చెబుతారు. ‘కంపెనీ ఎలా ఉంది’ అని అడగొద్దు. మొదటి కోత ఎప్పుడు పడింది, ఇచ్చిన మాటల్లో ఏది నిలబడింది, పాత మేనేజర్ ఎన్నాళ్లు ఉన్నారు, ఇవి అడగండి.

మీ పని రెండుచోట్లా ఉందా?

ఇక్కడ మొహమాటం లేకుండా చూసుకోవాలి. ఫైనాన్స్, హెచ్‌ఆర్, లీగల్, పేరోల్, ఐటీ సపోర్ట్, మార్కెటింగ్, వీటిలో ఉంటే అవతల అదే పని చేసే టీమ్ ఇప్పటికే ఉంది, సాధారణంగా కొన్నవాళ్ల టీమే మిగులుతుంది. సేల్స్‌లో ఉంటే ఒకే కస్టమర్ దగ్గరికి ఇద్దరు వెళ్తున్నారా అన్నది చూడండి. ఇంజినీర్లకు ప్రశ్న ఒక్కటే, రెండు ప్రొడక్ట్‌లు ఒకే పని చేస్తుంటే ఏది బతుకుతుంది? మీరెంత బాగా పనిచేస్తారన్నదానికి దీనికి పెద్ద సంబంధం లేదు. చాలా మంచి పనివాళ్లు కూడా తప్పు వరసలో కూర్చున్నందుకు పోతారు.

అయితే రెండుచోట్లా ఉన్న పనిలో ఉంటే వెంటనే పారిపోవాలని కాదు. అలాంటివాళ్లకు ‘పని అప్పగించేదాకా తొమ్మిది నెలలు ఉండండి, చివర్లో ఇంత ఇస్తాం’ అని ఆఫర్ ఇస్తుంటారు. నాకు తెలిసి మొత్తం వ్యవహారంలో ఇదే నిజాయితీ గల ఆఫర్. ఎప్పటిదాకానో తెలుసు, ఎంతో తెలుసు, ఆలోగా వేరే ఉద్యోగం వెతుక్కునే టైమ్ ఉంది.

కొత్త ఆర్గ్ చార్ట్ రాగానే మీ పేరు కాదు, పైన రెండు మెట్ల దాకా ఎవరున్నారో చూడండి. ఇద్దరూ అవతలివాళ్లే అయితే మీ గురించి మాట్లాడేవాళ్లు గదిలో లేరన్నమాట. మీ మేనేజర్ ఉన్నా ఆయనకి బడ్జెట్ ఉందా, మనుషుల్ని తీసుకునే అధికారం ఉందా అన్నది వేరే సంగతి.

డబ్బు లెక్క

రిటెన్షన్ బోనస్ (వెళ్లిపోకుండా ఉన్నందుకు ఇచ్చేది) అంకె చూసి కళ్లు తిరగనివ్వకండి, నెలల మీద భాగించండి. మూడు నెలల జీతం బోనస్, 18 నెలలు ఉంటే ఇస్తారనుకోండి. అంటే నెలకి జీతంలో ఆరో వంతు, దాదాపు 17 శాతం. బయట 25 శాతం ఎక్కువకి ఉద్యోగం వచ్చేట్టుంటే ఆ బోనస్ మిమ్మల్ని ఆపడం లేదు, మీకు నష్టం చేస్తోంది. పైగా మధ్యలో వాళ్లే తీసేస్తే ఏమవుతుంది? ‘తప్పేమీ లేకుండా తొలగిస్తే మొత్తం చెల్లిస్తాం’ అని రాసుంటేనే అది బోనస్, లేకపోతే ఆశ. ముందే ఇచ్చి, మానేస్తే వెనక్కి కట్టమనే రకం అయితే పన్ను కోసేశాక చేతికొచ్చినంత కట్టాలా, కోయకముందు అంకె కట్టాలా అన్నది అడిగి రాయించుకోండి.

స్టాక్ ఉన్నవాళ్లకు పని ఎక్కువ. వెస్ట్ అయినవి, అంటే ఒప్పుకున్నన్నాళ్లు పనిచేసినందుకు హక్కు వచ్చేసినవి, సాధారణంగా మీవే, డీల్‌లో వాటికి డబ్బో, కొన్న కంపెనీ షేర్లో వస్తాయి. వెస్ట్ కానివాటి సంగతి ప్లాన్ డాక్యుమెంట్‌లో ఉంటుంది, కొత్త కంపెనీ షేర్లుగా మార్చొచ్చు, డబ్బుగా మార్చి పాత షెడ్యూల్ ప్రకారమే ఇవ్వొచ్చు, కొన్ని ప్లాన్‌లలో రద్దు కూడా చేయొచ్చు. మీకిచ్చినవి ఆప్షన్లయితే (ముందే పెట్టిన ధరకి షేర్లు కొనుక్కునే హక్కు), ఆ ధర అమ్మకం ధర కంటే ఎక్కువగా ఉంటే వాటికి ఏమీ రాకపోవచ్చు. పేపర్లో వచ్చిన అమ్మకం ధర చూసి మీ వాటా గుణించుకోకండి, ప్రిఫరెన్స్ షేర్లున్న ఇన్వెస్టర్లు ముందు తీసుకుంటారు, కొంత భాగం ఏడాదో ఏడాదిన్నరో ఎస్క్రోలో (పూచీగా మధ్యవర్తి ఖాతాలో) ఆపుతారు, మిగిలిందాంట్లో మీరు.

డబుల్ ట్రిగ్గర్ అన్న నిబంధన ఉందేమో తప్పకుండా వెతకండి. కంపెనీ చేతులు మారాక ఒక గడువు లోపల, చాలాచోట్ల 12 నెలలు, మీ తప్పు లేకుండా తీసేస్తే మిగిలిన స్టాక్ మొత్తమో కొంతో వెంటనే వెస్ట్ అవుతుంది. అంటే లేఆఫ్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో మీరే ముందు మానేస్తే ఆ డబ్బు మీ చేత్తో మీరు వదులుకున్నట్టు. జీతం తగ్గించడం, హోదా దించడం, దూరం బదిలీ చేయడం లాంటివాటిని కూడా తీసేసినట్టే లెక్కగట్టే నిబంధన కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, కానీ నిర్ణీత గడువులో రాసి తెలియజేయాలి, సరిదిద్దుకోవడానికి వాళ్లకు కొన్ని రోజులు ఇవ్వాలి. మొత్తం పెద్దదైతే ఒక లాయర్‌కి, ఒక ట్యాక్స్ తెలిసినవాళ్లకి చూపించడం దండగ కాదు.

కొత్త సంతకాలు

కొన్నవాళ్లు మీ కంపెనీ షేర్లు కొంటే మీ యజమాని కాగితం మీద పాత కంపెనీయే, ఒప్పందం అలాగే నడుస్తుంది. ఆస్తులు, వ్యాపారం మాత్రమే కొంటే మీరు కొత్త కంపెనీలోకి మారాలి, అప్పుడు పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా, మిగిలిన సెలవులు ఏమవుతాయి అన్నది పెద్ద ప్రశ్న. బ్రిటన్‌లో ఇలా వ్యాపారం చేతులు మారినప్పుడు ఉద్యోగి షరతులను 2006 నాటి ట్యూపే నిబంధనలు కాపాడతాయి, అన్ని దేశాల్లో అంత రక్షణ ఉండదు. వీసా ఉద్యోగానికి కట్టేసి ఉన్నవాళ్లయితే అది ఎవరి పేరు మీదికి మారుతుందో మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి.

కొత్త ఆఫర్ లెటర్‌లో జీతం లైన్ మాత్రమే చదివి సంతకం పెట్టేవాళ్లు చాలామంది. నోటీస్ పీరియడ్ పెరిగిందా, పోటీ కంపెనీలో చేరకూడదని కొత్తగా పెట్టారా, సొంతంగా చేసుకునే చిన్న ప్రాజెక్టులు కూడా వాళ్లవే అన్నారా, పనిచేసే చోటు ఎప్పుడైనా మార్చొచ్చని ఉందా చూడండి. హోదా కూడా, ఎందుకంటే చిన్న కంపెనీలో డైరెక్టర్ పెద్ద కంపెనీ లెక్కలో మేనేజర్‌గా మిగలడం మామూలే. ఈరోజే పెట్టాలని తొందర చేస్తే రెండు మూడు రోజులు కావాలని అడగండి.

ఎప్పుడు తేల్చుకోవాలి

డీల్ పూర్తయ్యాక మొదటి మూడు నెలలు ఎక్కువగా మెయిల్ ఐడీలు, ల్యాప్‌టాప్‌లు, కొత్త ఎక్స్‌పెన్స్ టూల్ నేర్చుకోవడంలో పోతాయి. ఆ చిరాకును చూసి నిర్ణయం తీసుకోకండి, అది అందరికీ ఉండేదే. 90 రోజులకి ఒకసారి, ఆరు నెలలకి ఇంకోసారి కూర్చుని చూసుకోండి. ఏం జరిగితే వెళ్తారో ముందే రాసిపెట్టుకోండి, మా ప్రొడక్ట్ ఆపేస్తే, నా మేనేజర్ వెళ్లిపోతే, రెండు మెట్లు కిందికి వేస్తే, ఇలా. జరిగాక ఆలోచిస్తే మనసు ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది.

పొమ్మనలేక పొగబెట్టడం ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. మీటింగ్‌ల పిలుపులు తగ్గుతాయి, వెళ్లినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోరు, వచ్చే క్వార్టర్ దాటాక రోడ్‌మ్యాప్ ఖాళీగా ఉంటుంది, మీకు తెలిసిందంతా డాక్యుమెంట్ చేయమని అడుగుతారు. దీనికి ఎదురు, ఖాళీలు నింపుతున్నారు, అవతలివాళ్లు మీ టీమ్‌లోకి రావాలని చూస్తున్నారు అంటే ఇంకొన్నాళ్లు ఉండటంలో అర్థముంది, పెద్ద కంపెనీలో చేయగలిగే పని చిన్నదాంట్లో దొరకదు మరి.

ఈలోగా బయట ఇంటర్వ్యూలు ఇస్తూనే ఉండండి, వెళ్లాలని తేల్చుకోకపోయినా సరే. 2022 అక్టోబరులో ట్విటర్ చేతులు మారాక నవంబరు మధ్యలో ఉద్యోగులకు ఒక మెయిల్ వచ్చింది, మరింత కష్టపడి పనిచేసేందుకు ఒప్పుకుంటారా, లేక మూడు నెలల జీతం తీసుకుని వెళ్తారా, మరుసటి రోజు సాయంత్రంలోగా చెప్పాలి. అలాంటి గడువు వచ్చినప్పుడు అప్పటికే లెక్క వేసుకున్నవాళ్లకు అది ఒక క్లిక్, వేసుకోనివాళ్లకు నిద్రలేని రాత్రి.

వెళ్లాలని తేలితే కేలండర్ ముందు పెట్టుకోండి. తర్వాతి వెస్టింగ్ ఎప్పుడు, బోనస్ ఎప్పుడు, వెస్ట్ అయిన ఆప్షన్లు కొనుక్కోవడానికి మానేశాక ఎన్ని రోజులు ఇస్తారు (చాలా ప్లాన్‌లలో 90 రోజులే). చెల్లించే రోజున నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లకు బోనస్ రాదని ఎన్నో ఒప్పందాల్లో ఉంటుంది, అందుకని డబ్బు ఖాతాలో పడిందని మెసేజ్ వచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి.