విదేశంలో కొత్త మార్షల్ ఆర్ట్స్ జిమ్‌లో చేరేముందు జాగ్రత్తలు

తిరుపతిలో కరాటేనో జూడోనో నేర్చుకుని పైచదువులకు విదేశం వెళ్తున్నారా? రేణిగుంటలో విమానం ఎక్కేలోపే ఇన్సూరెన్స్ పాలసీ తీసి, ఆటల్లో తగిలే దెబ్బలకు వర్తిస్తుందో లేదో చూసుకోండి.

అక్కడ డబ్బు కట్టేముందు ఒక క్లాసు పక్కన కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే చేరొద్దు.

ముఖ్యంగా మాస్టర్ చేతులు గమనించండి. పట్లు పట్టి లొంగదీసే జుజిట్సులో, ఎదుటివాళ్లు ఇక చాలన్నట్టు చేత్తో తట్టగానే పట్టు వదిలేయాలి. మెడపట్టు సరిగ్గా పడితే 10 సెకన్లలోపే స్పృహ పోవచ్చు. మడమ మెలిపెట్టే పట్టులో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. తట్టాక కూడా ఇంకాస్త బిగించే మనిషి చేతికి మీ ఒళ్లు అప్పగించకండి, ఎంత పెద్ద బెల్టు ఉన్నా సరే.

మొదటిరోజే స్పారింగ్‌కు, అంటే ఎదుటివాళ్లతో సాధన పోరుకు, దిగమంటే కుదరదని చెప్పేయండి. తర్వాతైనా పళ్ల గార్డు, 16 ఔన్సుల గ్లవ్స్ లేకుండా బాక్సింగ్ స్పారింగ్ వద్దు.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, నెలనెలా చాలు.