డ్యురాండ్ కప్ చరిత్ర చదవాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి

డ్యురాండ్ కప్ అనే పాత ఫుట్‌బాల్ టోర్నీ గురించి నెట్‌లో వెతికితే ముందు తగిలేది విజేతల పట్టిక. చాలామంది దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, కోల్‌కతా క్లబ్‌లు మోహన్ బగాన్ 17 సార్లు, ఈస్ట్ బెంగాల్ 16 సార్లు గెలిచాయని గుర్తుపెట్టుకుని వదిలేస్తారు. అలా చూస్తే ఈ టోర్నీ గురించి తెలిసేది చాలా తక్కువ, మన హైదరాబాద్ సంగతైతే కంట్లోనే పడదు. కాబట్టి ఆ పట్టికనే మళ్లీ తెరవండి, ఈసారి ఎవరు ఎన్నిసార్లు గెలిచారన్నది పక్కన పెట్టి జట్ల పేర్లు, మధ్యలో ఖాళీగా ఉన్న సంవత్సరాలు చూడండి.

మొదటి యాభై ఏళ్లూ కనిపించేవి బ్రిటిష్ సైన్యపు రెజిమెంట్ల పేర్లే. 1888లో సిమ్లాలోని అన్నాండేల్ మైదానంలో దీన్ని మొదలుపెట్టింది అప్పటి బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యురాండ్. 1893లో అఫ్గానిస్థాన్ సరిహద్దు గీత గీసింది కూడా ఈయనే. మొదటి ఫైనల్లో రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2–1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీని ఓడించింది. ఈ భాగంలో ప్రతి ఫలితం గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒక్క నియమం తెలిస్తే చాలు: వరుసగా మూడేళ్లు గెలిచిన జట్టుకు ఆ కప్పు సొంతమైపోయేది. హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ 1893 నుంచి 95 దాకా, బ్లాక్ వాచ్ 1897 నుంచి 99 దాకా గెలిచి అలాగే పట్టుకుపోయాయి, అందుకే కప్పు మళ్లీ మళ్లీ చేయించాల్సి వచ్చింది.

తర్వాత నేరుగా 1940కి రండి. టోర్నీ ఢిల్లీకి మారిన ఏడాది అది. ఫైనల్లో కలకత్తా నుంచి వచ్చిన మహమ్మడన్ స్పోర్టింగ్ 2–1తో రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది. అప్పటిదాకా సైనిక జట్ల చేతుల్లోనే తిరిగిన కప్పు మొదటిసారి ఒక భారతీయ క్లబ్‌కు దక్కింది. ఆ వెంటనే 1941 నుంచి 1949 దాకా ఖాళీ. ఇలాంటి ఖాళీ కనబడితే దాటిపోకండి, ఆ ఏడాది దేశంలో ఏం జరుగుతోందో చూడండి. ముందు ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత దేశ విభజన. 1962 కూడా అలాగే ఖాళీ, అది చైనాతో యుద్ధం జరిగిన ఏడాది.

ఇక 1950. టోర్నీ మళ్లీ మొదలైన ఆ ఏడాది మోహన్ బగాన్‌ను ఫైనల్లో ఓడించి కప్పు తీసుకెళ్లింది హైదరాబాద్ సిటీ పోలీస్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యురాండ్ కప్ మన హైదరాబాద్ జట్టుది అన్న విషయం మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో ఆలోచిస్తే నాకు బాధగా ఉంటుంది. 1954లో, 1957లో మళ్లీ గెలిచారు. 1961లో విజేతగా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని కనిపిస్తుంది, అది వేరే జట్టు అనుకోవద్దు, రాష్ట్రం ఏర్పడ్డాక పేరు మారిందంతే. కొన్ని పట్టికలు 1957 అని రాస్తే కొన్ని 1957–58 అని సీజన్ లెక్కన రాస్తాయి, అది చూసి కంగారు పడకండి.

ఈ జట్టు గురించి చదివేటప్పుడు డ్యురాండ్ పట్టిక ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది, పక్కన బొంబాయిలో జరిగిన మరో టోర్నీ, రోవర్స్ కప్ పట్టిక కూడా పెట్టుకోండి. అందులో 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లూ హైదరాబాద్ సిటీ పోలీసే విజేత. దీని వెనక ఉన్న కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ కోచ్ ఆయనే. 1963లో రహీం సాబ్ పోయారు. 1961 తర్వాత తెలుగు గడ్డ మీది జట్టు పేరు డ్యురాండ్ పట్టికలో విజేతగా మళ్లీ కనబడదు.

ఇంకొకటి, జట్టు పేరు చూసి ఆగిపోకుండా ఆటగాళ్ల పేర్లు కూడా చదవండి. 1955లో, 1958లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ గెలిచింది కదా, దాని గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో. 1960లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఉమ్మడి విజేతలు. ఆ రోజుల్లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. మనవాళ్లు కలకత్తా క్లబ్‌లకు వెళ్లిపోవడం అప్పుడు మామూలే, ఇక్కడి జట్లు తర్వాత తగ్గిపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

చదివేదాన్ని సరిచూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. ఇది ప్రపంచంలో మూడో పాత టోర్నీ అని అంతటా రాస్తుంటారు. ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ 1871లో, స్కాటిష్ కప్ 1873లో మొదలైన మాట నిజమే, కానీ వెల్ష్ కప్ 1877లో, ఐరిష్ కప్ 1880–81లో మొదలయ్యాయి. అంటే లెక్క కుదరదు. ఆసియాలో అన్నిటికన్నా పాతది అనండి, అది నిజం, అదేమీ చిన్న విషయం కాదు. అలాగే 1911లో మోహన్ బగాన్ ఉత్తకాళ్లతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను ఓడించింది కలకత్తాలో జరిగే ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే వేరే టోర్నీలో, ఇందులో కాదు. సంతోష్ ట్రోఫీ ముఖ్యంగా రాష్ట్రాల జట్లది. 1977లో మొదలైన క్లబ్‌ల టోర్నీ ఫెడరేషన్ కప్ మళ్లీ వేరు. ఇవన్నీ కలిపేసి రాసినవి బోలెడు కనిపిస్తాయి.

ఫోటోల్లో విజేత చేతిలో మూడు కప్పులు కనిపిస్తే అవి మూడూ ఈ టోర్నీవే: డ్యురాండ్ కప్, సిమ్లా ట్రోఫీ, స్వాతంత్ర్యం వచ్చాక చేరిన ప్రెసిడెంట్స్ కప్.

ఈ మధ్య సంవత్సరాలు త్వరగానే చదివేయొచ్చు. 2019లో టోర్నీ కోల్‌కతాకు మారింది, ఆ ఏడాది గోకులం కేరళ 2–1తో మోహన్ బగాన్‌ను ఓడించింది. ఇప్పుడు ముందు గ్రూప్ దశ, ఆ తర్వాతే నాకౌట్, కాబట్టి పాత రోజులతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. 2024 ఫైనల్ మాత్రం వీడియో వెతికి చూడండి, నార్త్‌ఈస్ట్ యునైటెడ్ 0–2తో వెనకబడి 2–2 చేసి, పెనాల్టీల్లో 4–3తో మోహన్ బగాన్ మీద గెలిచింది, తర్వాతి ఏడాది 6–1తో డైమండ్ హార్బర్‌ను ఓడించి మళ్లీ కప్పు కొట్టింది.

1950ల మ్యాచ్‌లకు ఇలాంటి వీడియోలు దొరుకుతాయని ఆశపడొద్దు. అప్పటి పేపర్లు, ఆటగాళ్ల ఇంటర్వ్యూలు, వాళ్ల ఇళ్లలో ఉండే ఫోటోలే ఆధారం. హైదరాబాద్‌లో మీకు తెలిసిన పాత ఫుట్‌బాల్ కుటుంబం ఎవరైనా ఉంటే వెళ్లి మాట్లాడండి. ఏ ఏడాది, ఎవరి మీద, ఏ ఊళ్లో ఆడారో మూడూ అడిగి రాసుకుని, ఇంటికొచ్చాక పట్టికతో సరిపోల్చండి. డ్యురాండా, రోవర్సా అన్న అనుమానం చాలావరకు ఊరి పేరుతోనే తేలిపోతుంది. ఢిల్లీ అంటే డ్యురాండ్, బొంబాయి అంటే రోవర్స్.