ఒకే వంట, రెండు కంచాలు: కొత్తగా ఇంగ్లండ్ వెళ్తున్న జంటలకు

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఈమధ్య కొత్తగా పెళ్ళయి ఇంగ్లండ్ బయల్దేరే పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ఇల్లెలా దొరుకుతుంది, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి అని అడుగుతారు. అవి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మాత్రం ముందు తిండి సంగతి ఎత్తుతాను. మేం వెళ్ళిన కొత్తలో దెబ్బతిన్నది అక్కడే.

2021లో మా ఆయనకి అక్కడ ఎమ్మెస్సీ సీటొచ్చింది. నేను డిపెండెంట్ వీసా (చదువుకునే మనిషి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద వెళ్ళి, పెద్దవాళ్ళని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనికి కుదిరాను. (2024 జనవరి నుంచి మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకి ఆ వీలు తీసేశారు. ఇది తెలియక ఇంకా అడిగేవాళ్ళున్నారు కాబట్టి చెప్తున్నా.) నాది పన్నెండు గంటల షిఫ్టు. మంచం మీది మనిషిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, పక్కలు మార్చడం, రోజంతా కాళ్ళ మీదే. ఆయనది లైబ్రరీలో కుర్చీ.

ఇంటికొచ్చాక నేను వడ్డించింది మాత్రం మా అమ్మని చూసి నేర్చుకున్నట్టే. ముందు ఆయనకి నిండుగా అన్నం, ముద్దపప్పు, చెంచాడు నెయ్యి, ‘ఇంకొంచెం’ అంటూ మరో గరిటె. తర్వాత నేను మిగిలిన దాంట్లో పెరుగు కలుపుకుని నిలబడే రెండు ముద్దలు తిని పడుకునేదాన్ని. వీడియో కాల్‌లో అమ్మ రోజూ అడిగేది, “అల్లుడుగారికి ఏం వండావే?” అని. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన ఎనిమిది కిలోలు పెరిగారు, నేను ఆరు తగ్గాను. ఒక రాత్రి షిఫ్టులో కళ్ళు తిరిగి గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరం ప్రేమగానే వండుకున్నాం, ప్రేమగానే తిన్నాం. ఎవరికి ఎంత కావాలో మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మన దేశం వాళ్ళ కోసం వేసిన లెక్క ఒకటుంది. కూర్చుని పనిచేసే 65 కిలోల మగమనిషికి రోజుకు 2110 కేలరీలు, కూర్చుని పనిచేసే 55 కిలోల ఆడమనిషికి 1660. ఒక మోస్తరు శ్రమ ఉంటే ఆయనకి 2710, ఆమెకి 2130. ఆ చివరి అంకె ఇంకోసారి చూడండి. కాళ్ళ మీద పనిచేసే భార్యకి కావాల్సింది కుర్చీలో పనిచేసే భర్తకి కావాల్సిన దానికన్నా ఒక పిసరు ఎక్కువే. మా ఇంట్లో సరిగ్గా ఆ పరిస్థితే ఉంటే, నేను తిరగేసి వడ్డించాను. ఎక్కువ పెట్టాల్సింది మొగుడికా పెళ్ళానికా అని కాదు, ఆ వారం ఎవరి ఒళ్ళు ఎక్కువ కష్టపడుతోంది అని చూడాలి. ఉద్యోగం మారితే లెక్కా మారుతుంది. తర్వాత ఆయన గోడౌన్‌లో పనికి చేరినప్పుడు మా ఇంట్లో మళ్ళీ మారింది.

తేడా వినడానికి పెద్దదిగా ఉంటుంది గానీ కంచంలో చిన్నదే. ఇద్దరూ కుర్చీ ఉద్యోగాలే అనుకుంటే తేడా 450 కేలరీలు. అంటే వండిన అన్నం ఒక వంద గ్రాములు (130), ఒక గుడ్డు (70), పిడికెడు వేరుశెనగ గుళ్ళు, అదీ ముప్ఫై గ్రాములు (170), ఒక అరటిపండు. అంతే. దీనికోసం రెండు వంటలు వండక్కర్లేదు, ఒకరికి డైట్ అని వేరే గిన్నె పెట్టక్కర్లేదు. ఒకే వంట చేసి, తేడాని కంచంలో కలపండి.

మాంసకృత్తుల్లో ఇద్దరి మధ్యా అంత దూరం లేదు. కిలో బరువుకి 0.83 గ్రాము చొప్పున ఆయనకి 54, ఆమెకి 46 గ్రాములు. కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు ఇద్దరికీ సమానంగా పడాలి. వంద గ్రాముల కందిపప్పు వండితే చెరో పదకొండు గ్రాములు వస్తాయి, గుడ్డుకి ఆరు. తేడా చూపించాల్సింది అన్నంలో, నూనెలో, నెయ్యిలో. మన ఇళ్ళల్లో సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది. తక్కువ తినాలనుకున్న మనిషి పప్పు, గుడ్డు మానేసి పచ్చడన్నంతో సరిపెట్టుకుంటుంది. ఇది మాత్రం చేయకండమ్మా.

మా ఇంట్లో కుదిరిన పద్ధతి చెప్తాను. పప్పు తక్కువ నూనెతో తాలింపు పెడతాను. కూర వేపుడు చేయకుండా మగ్గనిస్తాను. అవి ఇద్దరికీ ఒకటే. శ్రమ ఎక్కువున్న వాళ్ళ కంచంలో నెయ్యి, కందిపొడిలోకి నూనె, రెండో గుడ్డు, ఇంకో హస్తం (అన్నం వడ్డించే గరిటె) అన్నం పడతాయి. తక్కువ కావాల్సిన వాళ్ళ కంచం వెలితిగా కనపడకూడదు, అది మనసుకి కష్టంగా ఉంటుంది. అన్నం తగ్గిన చోట కూర రెట్టింపు పెట్టండి, పక్కన పులుసో మజ్జిగో ఉండనివ్వండి. అక్కడ బీన్సు, క్యాబేజీ, పాలకూర, గడ్డకట్టించి అమ్మే బఠాణీలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. దొండకాయ, బెండకాయ కోసం ఇండియన్ స్టోరుకి వెళ్ళాలి.

షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు అసలు భోజనం బయల్దేరే ముందే చేయాలి. డబ్బాలో పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, వేరుశెనగ గుళ్ళు, అరటిపండు పెట్టుకోండి. రాత్రి ఇంటికొచ్చి ఒకేసారి కడుపు నింపుకుందాం అనుకుంటే నిద్ర ముంచుకొచ్చి తినరు. నాకు జరిగింది అదే.

ఇంకో మాట. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. చుట్టాలొస్తే చేయండి. ఇద్దరే ఉన్న ఇంట్లో గిన్నెలు బల్ల మీద పెట్టి ఎవరికి వాళ్ళు వడ్డించుకోండి, ఇద్దరూ కలిసి కూర్చోండి. ‘నువ్వు తిను, నేను తర్వాత తింటాలే’ అన్న మాట మొదటి వారంలోనే మానేస్తే సగం చిక్కు తీరిపోతుంది.

నూనె కళ్ళకి కనపడదు గనక దాని లెక్క నెలకోసారి సీసా చూసి వేయండి. నూనె గ్రాముకి తొమ్మిది కేలరీలు, లీటరు దాదాపు 910 గ్రాములు. ఇద్దరికి నెలకి మూడు లీటర్లు అయిపోతున్నాయంటే ఒక్కొక్కరికి రోజుకి దాదాపు 400 కేలరీలు నూనె నుంచే వెళ్తున్నట్టు. మా మొదటి నెలల సీసాలు తలుచుకుంటే ఆయన పెరిగిన బరువు ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. గోంగూర పచ్చడి మీద తేలే నూనె కూడా ఇందులోదే.

అక్కడి ప్యాకెట్లు చూసి కంగారుపడకండి. రెండు అంకెలుంటాయి, పెద్దది కిలోజౌళ్ళు. మన లెక్కకి పనికొచ్చేది రెండోది, కిలోకేలరీలు అని రాసుండేది. మనం మాటల్లో కేలరీ అనేది దాన్నే. ఒక కిలోకేలరీ అంటే 4.184 కిలోజౌళ్ళు. అంకె వంద గ్రాములకా, ప్యాకెట్ మొత్తానికా అన్నదీ చూడండి. పెద్దవాళ్ళకి రోజుకు 2000 అని రాసుండేది అందరికీ కలిపి పెట్టిన అంకె, మీ ఇద్దరి కోసం వేసింది కాదు.

పాలు మూత రంగుని బట్టి. సాధారణంగా నీలం మూత వెన్న తీయనివి, ఆకుపచ్చ సగం తీసినవి, ఎరుపు పూర్తిగా తీసినవి. మన దగ్గర ఫుల్‌క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు ఆరు శాతం, అక్కడి నీలం మూతలో మూడున్నర పైచిలుకే. పెరుగు గట్టిగా కావాలంటే నీలమే కొనండి.

అక్కడ మొదటి నెలలోనే జీపీ (మనం ముందుగా చూపించుకునే స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకోండి, జబ్బు చేసేదాకా ఆగకండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కళ్ళు తిరుగుతున్నా, నెలసరి తప్పుతున్నా ఇంటి లెక్కలతో కాలం గడపకుండా వెళ్ళి చూపించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు రోజుకు మరో 350 కేలరీలు కావాలి. షుగరున్నవాళ్ళు డాక్టరు చెప్పిందే వినాలి, నా మాట కాదు.

ఇదంతా గన్నవరంలో విమానం ఎక్కేముందే ఇక్కడ నెల రోజులు చేసి చూడమంటాను. బెజవాడ బీసెంట్ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు వంటింటి డిజిటల్ తూకం చిన్నది ఒకటి కొనుక్కోండి. కుక్కర్‌తో వచ్చే కప్పులో బియ్యం దాదాపు 150 గ్రాములు పడతాయి, అంటే సుమారు 520 కేలరీలు. మీ ఇంటి హస్తంతో ఒక హస్తం అన్నం తీసి తూచండి. మాది తొంభై గ్రాములు తూగింది. నాలుగు రోజులు తూచితే తర్వాత కళ్ళే చెప్తాయి.

సామాను సర్దేటప్పుడు నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు పెట్టకండి. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తీసుకెళ్ళకూడదు. నెయ్యి అక్కడి ఇండియన్ స్టోరులో దొరుకుతుంది. కందిపొడి, నల్లకారం పెట్టుకోండి. పెట్టెలో ఇంకా చోటుంటే ఆ హస్తం కూడా వేసుకోండి. తూకం చూసుకున్నది దానితోనే గనక అక్కడ లెక్క మళ్ళీ మొదటినుంచీ పెట్టుకోనక్కర్లేదు.