గోడ అల్మరాలో చెక్క అర బిగించే ముందు

గత వారం మా వీధిలోని ఒక ఇంట్లో, గోడ అల్మరాకు కొత్తగా బిగించిన చెక్క అర దుప్పట్లతో, సూట్‌కేసుతో సహా ఊడిపడటంతో, కింద బట్టలు తీసుకుంటున్న పాప భుజం ఎముక విరిగింది. నేను వెళ్లి చూసేసరికి పలక పగల్లేదు, దాన్ని మోయడానికి కింద గోడకు బిగించిన చెక్క బద్దలూ విరగలేదు. స్క్రూలు మాత్రం సిమెంటు పెళ్లలతో పాటు బయటికి వచ్చేశాయి. దసరాకు ఇల్లు సర్దుకుంటూ ఈ పనిని సొంతంగా తలపెట్టేవారు చాలామంది ఉంటారు కనుక ఇది రాస్తున్నాను.

డ్రిల్ చేసేటప్పుడు పెట్టుకోవాల్సిన కళ్లద్దాలు, మాస్కు సంగతి అందరికీ తెలుసు. నేను చూసినంతలో అరలను కూల్చే తప్పు ఒక్కటే: స్క్రూ ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోవడం. లోపలి గోడకు ప్లాస్టరింగ్ సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని మీద 20 మిల్లీమీటర్ల బద్ద పెట్టి ఒకటిన్నర అంగుళం స్క్రూ బిగిస్తే, ఇటుకలోకి దిగేది మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లే. ఆ రోజుకు చేత్తో లాగినా కదలదు కాబట్టే అందరూ మోసపోతారు. మూడు అంగుళాల స్క్రూ తెచ్చుకుని, గోడలో 60 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేసి, ప్లగ్గు (స్క్రూను గోడలో పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) ప్లాస్టరింగ్ దాటి పూర్తిగా ఇటుకలో కూర్చునేదాకా కొట్టాలి. రాలే పొడి బూడిద రంగులో ఉన్నంతసేపు మీరింకా ప్లాస్టరింగ్‌లోనే ఉన్నారు. ఎర్రపొడి కనిపిస్తేనే ఇటుక తగిలినట్టు. తేలికపాటి బ్లాకుల గోడకు ఈ గుర్తు పనికిరాదు, మామూలు ప్లగ్గు కూడా నిలవదు. ఆ బ్లాకులకు సరిపడేదే అడిగి తెచ్చుకోవాలి.

స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా రంధ్రం చేయవద్దు, గోడలోపల వైర్లు ఎక్కువగా ఆ వరుసలోనే దిగుతాయి. అవతల బాత్‌రూమ్ ఉన్న గోడను ముట్టుకోవద్దు. కడప బండ అరకు డ్రిల్ పెట్టవద్దు. పలక 18 మిల్లీమీటర్ల కంటే పలచన వద్దు. నిడివి రెండున్నర అడుగులు దాటితే నడుమ ఆధారం ఇవ్వండి. బద్దలు మూడు వైపులా ఉండాలి. టైల్స్ కోసే చేతి గ్రైండర్‌కు చెక్క కోసే బ్లేడు తగిలించవద్దు, అది చెక్కలో చిక్కుకున్న క్షణంలో యంత్రం మీ మీదికే ఎగురుతుంది. గోడకు చెమ్మ ఉంటే పని ఆపండి. వార్నిష్ ఆరేదాకా ఆ గదిలో దీపం, అగరుబత్తి వెలిగించవద్దు. స్క్రూ ప్లాస్టరింగ్ దాటిందా లేదా, ప్రతి రంధ్రం దగ్గరా చూడండి. బట్టలు సర్దకముందే పాతిక కిలోల బియ్యం బస్తాను అర మీద ఒక రాత్రంతా ఉంచండి, కింద ఎవరినీ నిలబడనివ్వకండి. తెల్లారాక బద్దకూ గోడకూ మధ్య వెంట్రుకంత సందు కనిపించినా మొత్తం విప్పి, ఇటుకలోకి దిగేలా మళ్లీ బిగించండి.