బ్రేక్ తొక్కితే ముందు చక్రాల వైపు 'టక్'మంటోందా? కారు కిందికి దూరే ముందు

పాత మారుతి 800లో ఈ శబ్దానికి నా మొదటి అనుమానం స్టెబిలైజర్ బార్ (ముందు రెండు చక్రాల వైపులనూ కలిపే ఇనుప కడ్డీ) బుష్‌ల మీదే, అంటే దానికుండే రబ్బరు ముక్కల మీదే. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే ఇనుప చేయి) ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకునేది ఆ బారే. బుష్ అరిగితే బ్రేక్ వేసినప్పుడల్లా ఆర్మ్ జరిగి కొట్టుకుంటుంది. చూసేముందు ఇవి:

- పెడల్ మెత్తగా దిగిపోతున్నా, బండి పక్కకు లాగుతున్నా టెస్ట్ డ్రైవ్ ఊసే వద్దు.

- చదునైన గట్టి నేల, మొదటి గేరు, హ్యాండ్‌బ్రేక్, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు. ఇటుకలు వద్దు, పగులుతాయి.

- వీల్ నట్లు చక్రం నేల మీదుండగానే కాస్త వదులు చేయండి.

- జాకీ బండిని ఎత్తడానికే. బండి బరువు మోసే స్టాండ్లు వేశాకే కిందికి దూరాలి. స్టాండ్లు లేవా? షెడ్డుకు తీసుకెళ్లండి, "రెండు నిమిషాలే కదా" అనుకోవద్దు. తీసిన చక్రాన్ని కూడా బాడీ కింద పడుకోబెట్టండి.

- మీరు కిందుండగా పైన ఎవరూ బండిని ఊపకూడదు, స్టార్ట్ చేయకూడదు. తాళం మీ జేబులోనే.

- బ్రేక్ డిస్క్ చల్లారనివ్వండి. బ్రేక్ దుమ్మును ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

- బుష్ దగ్గర రాడ్‌తో ఎత్తి చూసేటప్పుడు సందులో వేళ్లు పెట్టొద్దు.

- స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన నడిమి నట్టును ముట్టుకోవద్దు. దాని కింద స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది.